వీధిబడిలో వ్రాతపని



బియ్యము పోసిన ఇత్తడి పళ్లెరములో బాలుని వ్రేలు పట్టి, గురువు విఘ్నేశ్వరుని నామము వ్రాయించుట మీలో పలువురు చూచియుందురు. కొందరికది స్వానుభవమే యై యుండును. ఆ పళ్లెరము మొదలుకొని, ఆ బాలుడు పెరిగి ఒక ఒడంబడిక పత్రమును తానే వ్రాయగలుగు దినము వరకు వీధిబడి పంతులు అతనికి ఏ వయస్సున ఏ వ్రాతపని నిచ్చుచుండెనో, అందు మేలేదో, కొరత యేదో నేడు మీతో ముచ్చటింప దలచితిని.

ఈ సంగతులను మనకు భద్రపరచి యుంచినవాడు ఒక ఆంగ్లేయుడు. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822 వ సంవత్సరమున, ప్రతి జిల్లాయందును ఎన్ని బడులు గలవో, ఎందరు చదువుచున్నారో తెలుపుడని కలెక్టరులకు ఉత్తరువు పంపెను. పలువురు అంకెల పట్టికలతోనే సరిపెట్టిరి. బళ్లారి కలెక్టరగు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ మాత్రము 1823 ఆగస్టులో పంపిన నివేదికయందు బడిలోపల జరుగు పనిని కన్నులకు కట్టినట్లు వ్రాసెను. ఆయన 1816 లోనే తెలుగు వ్యాకరణమొకటి రచించి అచ్చు వేయించినవాడు. మన భాష ఎరుగనివాడు కాడు. నేటి అనంతపురపు సీమ అప్పటికి బళ్లారి జిల్లాలోనిదే. 1882 లో గాని అది వేరు జిల్లా కాలేదు. కావున ఆ నివేదికలోని బడులు కొంతవరకు మన తాతముత్తాతల బడులే. జిల్లా మొత్తము మీద 533 బడులు. అందు తెలుగువి 226, కన్నడమువి 235. చదువుకొనువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే! ఆ అంకె చదివినప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును.

బడి తెల్లవారు జామున ఆరు గంటలకు ఆరంభమగును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవాడు మొదలు బెత్తపు దెబ్బలు వరుసగా పెరుగును. ఈ దెబ్బల లెక్కను నేను మెచ్చను గాని, అరచేతిలోని ఆ అక్షరములు మెచ్చదగినవే. ఆ పిల్లవానికి వ్రాత యన్నది మొట్టమొదట ఒక గౌరవముగా పరిచయమగుచున్నది గదా!

ఇక పని క్రమము. మొదటి మెట్టున ఇసుకయే పుస్తకము, వ్రేలే కలము. అక్షరములు కుదురువరకు ఇసుక విడువరాదు. తప్పిన యక్షరమును అరచేత చెరిపివేసినచో గురుతే మిగులదు. ఖర్చు కాసైనను లేదు. వ్రేలికి వాటము కుదిరిన పిమ్మట తాటాకు మీద గంటము గాని, కాగితము మీద రెల్లుకలము గాని పట్టుట యొక హక్కుగా లభించును. అయినను ఆ జిల్లాలో ఎక్కువగా వాడినవి బొగ్గుపొడి పూసిన కొయ్యపలకయు, గంజి పెట్టి మడతలు పెట్టి మసి పూసిన గుడ్డయు. ఆ గుడ్డనే మనవారు కడితమందురు. బళపముతో వ్రాయుట, తడిగుడ్డతో తుడుచుట.

అక్షరముల పిమ్మట గుణింతములు, వత్తులు. అటుపిమ్మట వ్రాయించున దేమి? పద్యమా? కాదు. మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. పిల్లవాడు తన తండ్రి పేరును, తన యూరి పేరును, తన యింటి ఎద్దును వ్రాయును. వానికి తెలియని పదమందొకటియు లేదు. దాని తరువాత అంకెలు, కూడికలు, తీసివేతలు, భిన్నములు. మన భిన్నములు పదేసి చొప్పున గాక నాలుగేసి చొప్పున దిగుననియు, వాని మీద పంతుళ్లు మిక్కిలి శ్రమపడుదురనియు క్యాంబెల్ వ్రాసెను. నిజమే. పాతిక, అందు నాలుగవ వంతు వీసము, అందు నాలుగవ వంతు కాని. సంతలో మోసపోకుండుటకు పిల్లవానికి వలసిన విద్య యదియే.

పై తరగతివారికిచ్చిన పనియే నన్ను మిక్కిలి ఆకర్షించినది. పంతులు నానా చోట్ల నుండి సర్కారు కాగితములను, ఇతరులు వ్రాసిన జాబులను సేకరించి తెచ్చి, భిన్నభిన్నమైన చేతివ్రాతలను పిల్లలచేత చదివించును. కరణముల గొలుసుకట్టు వ్రాత మీరెరుగుదురు. పదమునకు పదమునకు నడుమ ఎడముండదు. కలము ఎత్తకుండ వ్రాసుకొని పోవుదురు. అది చదువ నేర్చినవానికి తన భూమి కాగితములో ఏమున్నదో మరియొకరు చెప్పవలసిన పని లేదు. చదువ నేర్చిన పిమ్మట జాబులు వ్రాయుట, ఒడంబడికలు వ్రాయుట. ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవాడెవడు, ఎంత, ఎన్నాళ్లకు, హద్దులేవి? ఇందొక్క మాట ఎక్కువ కారాదు, ఒక్క మాట తక్కువ కారాదు. నేను విద్యాశాలలో అలంకారశాస్త్రము చదివినవాడను; అయినను నా యెరుకలో వాక్యమును బిగువుగా వ్రాయుటకు ఇంతకంటె గట్టి శిక్ష లేదు.

అయితే ఆ పద్ధతికి కొరత లేదా? కలదు, చిన్నది కాదు. పిల్లలు వల్లెవేయు పద్యములు మాటలాడు భాషకు దూరమైనవనియు, అర్థము చెప్పగల పంతుళ్లు అరుదనియు, పిల్లవాడు చిలుకవలె అప్పగించుననియు, తుదకు స్నేహితునకు వ్రాసికొన్న జాబులో సైతము పంక్తి పంక్తికి తప్పులుండుననియు క్యాంబెల్ నిష్ఠురముగా వ్రాసెను. నా గురువులు ఈ మాట వినినచో కోపగించియుందురు. ముందు ధారణ, పిమ్మట అర్థము అన్నది వారి సిద్ధాంతము. పండితుల యింట పుట్టి ఇరువది యేండ్లు చదువువానికి అది చెల్లును. పదియేండ్లకే కాడి పట్టవలసిన బాలునికి ఆ "పిమ్మట" ఎన్నడును రాదు. ఇంకొక కొరతయు గలదు. క్యాంబెల్ చెప్పిన వరుసలో, నీవు చూచినది, నీకు తోచినది వ్రాయుము అను పని యెచ్చటను కానరాదు.

ఆ పని దొరతనమువారి బడులతో వచ్చినది. దానికి వ్యాసరచన యని పేరు. వచ్చిన దన్నమాటయే గాని, వెంటనే చిక్కు పడినది. 1853 లో అచ్చయిన చిన్నయసూరి నీతిచంద్రిక వచనమునకు మేలుబంతి యయ్యెను. పిల్లవాడు తన సంగతిని ఆ భాషలో చెప్పవలసివచ్చెను. తన ఊహ యొక భాషలో, తన కలము వేరొక భాషలో! ఉత్తరాంధ్రమున పాఠశాలాధికారిగా నుండిన యేట్సు దొరకు ఈ యెడము వింతగా తోచెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరపు గురజాడ అప్పారావు పంతులు శిష్టవ్యవహారమున వ్రాయనిండని వాదించిరి. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు ఎదిరించిరి. 1914 లో గురజాడవారు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆ వాదము పండితుల కలహముగా మనకు జ్ఞాపకమున్నది. దాని నడుమ నున్న ప్రశ్న పరీక్షకు కూర్చున్న పిల్లవానిది: వాడేమి వ్రాయవలెను, ఎవరి మాటలలో వ్రాయవలెను?

ఈ ప్రసంగము గ్రాంథికమున నడచుచున్నదని మీరు నవ్వుకొనవచ్చును. ఇది నాకు గురువుల వలన అబ్బిన నడక. ఈ వయస్సున మారదు. కాని పిల్లలపై దానిని మోపి నేనొక తప్పు చేసితిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఆరవ తరగతికి "వర్షాకాలము" అను వ్యాసమిచ్చితిని. అందరును అచ్చుపుస్తకములోనిదే దించిరి. ఒక్క గొల్లపిల్లవాడు మాత్రము "మేకలకి వానంటే శానా బయ్యం, గొర్రెలు తడుస్తానే మేస్తాయి" అని మొదలిడి ఒక పుట నిండ వ్రాసెను. నేను ఎర్రసిరాతో ఆ పుట నెల్ల గీతలు గీసి, దించినవారికంటె తక్కువ మార్కులు వేసితిని. మరుసటి మారు వాడును అచ్చుపుస్తకమే దించెను. ఆ పుటలో ఉన్నంత వర్షాకాలము తక్కిన నలువది పుటలలోను లేదని నాకు తోచుటకు పదునైదేండ్లు పట్టినది.

తరువాతి కాలమున నేను వీధిబడి వరుసనే కొంత మార్చి వాడితిని. ఐదవ తరగతివారు తమ యూరి పొలముల పేర్లు వ్రాసి, ఆ పేరు ఎట్లు వచ్చినదో ఇంటి పెద్దల నడిగి ఒక్కొక్క వాక్యము చేర్చవలెను. ఏడవ తరగతివారు పనికై దూరదేశము పోయిన అన్నకో మేనమామకో నిజమైన జాబు వ్రాయవలెను. దానిని తపాలాపెట్టెలో వేయుదుము. ఇంటిమాట వచ్చినచో దిద్దను. అర్థము చెడినచోట మాత్రము అడుగుదును. తొమ్మిదవ తరగతివారు ఇంటిలోని పాతకాగితము నొకదానిని తెచ్చి చదివి, అందేమి జరిగినదో తమ మాటలలో వ్రాయవలెను.

ఈ కడపటి పనికి మొదట కొందరు తండ్రులు భయపడిరి. భూమి కాగితములు పిల్లల చేతికిత్తుమా యని. అది న్యాయమే. కావున పిల్లలు ఇంటనే చూచి వ్రాసికొని వచ్చునట్లు ఏర్పాటు చేసితిని. ఒక బాలిక తన ముత్తాత వ్రాయించిన విక్రయపత్రపు నకలు తెచ్చినది. గొలుసుకట్టు వ్రాత. రెండు దినములు తరగతి యంతయు దాని మీద వంగి కూర్చున్నది. నేనును రెండు మాటలకడ ఓడిపోయితిని. తుదకు హద్దులు తేలినవి: తూర్పున వాగు, ఉత్తరమున చింతచెట్టు. ఆ బాలిక తన వ్యాసమున, ఆ చెట్టు ఇంకను ఉన్నదనియు, పొలము మాత్రము తమది కాదనియు, చింతకాయలు కోయబోయినప్పుడు అది ఒకనాడు తమ పొలపు హద్దు అని తమకెవ్వరును చెప్పలేదనియు వ్రాసినది.