అప్పు, అతిక్రమం, లోపం: ఆంగ్ల ప్రార్థనలో మూడు మాటల చరిత్ర

వేర్వేరు సంఘాలవారు కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థనను ఆంగ్లంలో చెప్పేటప్పుడు ఒకచోట స్వరాలు విడిపోతాయి. ప్రెస్బిటేరియన్లు ‘డెట్స్’ అంటారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు ‘ట్రెస్పాసెస్’ అంటారు. నూతన ఆరాధనక్రమాలవారు ‘సిన్స్’ అంటారు. ఈ భేదం ఎలా వచ్చిందో, అది మనకేమి బోధిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

మత్తయి 6:12లోని గ్రీకు పదం ‘ఒఫెయిలేమటా’. దీనికి అప్పులు అని అర్థం. లూకా 11:4లో దాని స్థానంలో పాపాలు అనే మాట ఉన్నది. అరామిక్ భాషలో ‘హోబా’ అనే ఒకే పదం అప్పును, పాపాన్ని కూడా సూచించేది గనుక ఈ రెండు రూపాలకూ మూలం ఒకటేనని పండితులు భావిస్తారు.

1380లలో వెలువడిన విక్లిఫ్ బైబిలు ఇక్కడ అప్పు అనే మాటనే వాడింది. 1526లో టిండేల్ దానిని విడిచి ‘ట్రెస్పాసెస్’ అని అనువదించాడు. ఆ పదం ఫ్రెంచి నుండి వచ్చినది. హద్దు దాటడం దాని మూలార్థం. ఆంగ్ల న్యాయస్థానాలలో ఇతరుల శరీరానికి, భూమికి, సొత్తుకు చేసిన హాని అనే అర్థం దానికి స్థిరపడింది. 1549 నాటి సామాన్య ప్రార్థనల గ్రంథం ఈ మాటనే స్వీకరించింది. 1560 నాటి జెనీవా బైబిలు, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు తిరిగి ‘డెట్స్’ అన్నాయి. అయినను ఆంగ్లికన్ల నోట నిలిచినది ప్రార్థనల గ్రంథపు మాటే. తెలుగులోనూ ఇదే జరిగింది: మన బైబిలులో ‘ఋణములు’ అని చదువుతాము, ఆరాధనలో ‘అపరాధములు’ అని ప్రార్థిస్తాము.

యాకోబు 5:16లో మరొక పదం కనబడుతుంది. ఒకరితో ఒకరు ఒప్పుకోవలసినవాటిని కింగ్ జేమ్స్ బైబిలు ‘ఫాల్ట్స్’ అన్నది. ప్రాచీన ప్రతులను అనుసరించి 1881 నాటి సవరణ అనువాదం ‘సిన్స్’ అని సరిచేసింది. తప్పు అన్నచోట పాపం అని మార్చగానే ఒప్పుకోలు భారం పెరిగింది.

నేటి ఆంగ్ల నివేదికలలో, క్షమాపణ పత్రాలలో ఎక్కువగా కనబడేది ‘షార్ట్‌కమింగ్’. అందవలసిన దానిని అందుకోలేకపోవడం అని దాని భావం. రోమా 3:23లో కింగ్ జేమ్స్ బైబిలు ఈ మాటలనే విడదీసి వాడింది. అక్కడ కొలత దేవుని మహిమ. నేటి వాడుకలో ఆ కొలత కనుమరుగైనది. ఎవరికి ఏమి నష్టం కలిగిందో చెప్పకుండానే తప్పు ఒప్పుకున్నట్లు అనిపించే మాటగా అది మారింది.

ఒక సంఘ సమావేశంలో బీదల నిధి లెక్క తక్కువైనప్పుడు, బాధ్యుడైన సహోదరుడు “కొన్ని షార్ట్‌కమింగ్స్ ఉన్నాయి, క్షమించండి” అన్నాడు. అందరమూ క్షమించాము. ఆ నిధి కోసం ఎదురుచూచిన విధవరాండ్రను ఎవరమూ అడుగలేదు. ఆ రోజు మౌనంగా ఉన్నవారిలో కాపరినైన నేనూ ఒకడను.

అప్పు అంటే ఎవరికి, ఎంత అనే ప్రశ్న వస్తుంది. అతిక్రమం అంటే ఎవరి హద్దు అనే ప్రశ్న వస్తుంది. లోపం అంటే ఏ ప్రశ్నా రాదు. జక్కయ్య తన లోపాలను గూర్చి మాట్లాడలేదు. నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. మన ఒప్పుకోలు ప్రార్థనలలో ‘ఋణములు’ అనే మాటను తిరిగి వినిపించవలసియున్నది.