పలుచని చెక్కను కోయుట

తిరుపతి జిల్లాలో శ్రీ సిటీ నూతన పరిశ్రమలకు నిలయము. అదే జిల్లాలో ఏర్పేడు సమీపమున గల మాధవమాల కొయ్యబొమ్మలకు పుట్టినిల్లు. అచటి శిల్పి ఉలి దింపుటకు ముందు కలపనార ఏ దిక్కునకు సాగినదో చూచును. చెక్క నారవెంట సులువుగా చీలును. నారకు అడ్డముగా గట్టిగా నిలుచును. చెక్క పలుచనైన కొలది ఈ చిక్కు హెచ్చును.

ఈ చిక్కునకు ఈజిప్టువారు సుమారు 4,600 ఏండ్ల క్రిందటనే ఉపాయము కనుగొనిరి. సక్కారాలో దొరికిన ఒక శవపేటిక పలకలలో ఆరు పలుచని పొరలు కలవు. ఒక పొర నారకు అడ్డముగా తరువాతి పొర నారను ఉంచి అమర్చిరి. నేటి ప్లైవుడ్డుకు మూలసూత్రమిదియే.

అయితే రంపముతో పొరలు తీసినచో కలపలో చాల భాగము పొట్టుగా పోవును. 1806లో ఇంగ్లండులో మార్క్ బ్రూనెల్ యంత్రముతో పొరలు కోయుటకు పేటెంటు పొందెను. ఆ శతాబ్దములోనే నానిన దుంగను తిప్పుచు, పొడవైన కత్తితో పొరను ఒలుచు పద్ధతి వచ్చెను. కత్తి పొట్టు రాల్చదు, నష్టము తగ్గెను.

నేడు బల్లపై ఇమిడెడు చిన్న యంత్రము, కంప్యూటరు చూపిన గీతవెంట సన్నని కత్తిని నడిపి, సుమారు 2 మిల్లీమీటర్ల మెత్తని చెక్కను ఇంటనే కోయుచున్నది. ఒక్కసారిగా అదిమినచో నార చిట్లి అంచు రేగును. కావున కత్తి అదే గీతపై పలుమారులు తేలికగా నడువవలెను. పనిముట్టు మారినను కలపనారను గమనింపక తప్పదు. మాధవమాల ఉలికి తెలిసిన పాఠమే ఇది.