సమ్మతి వయసు: ఎవరి అభిప్రాయము? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతము నుండి ఒక చారిత్రక పరిశీలన

వివాహ రిజిస్టరులో వధువు పేరు పక్కన వయసు వ్రాయుటకు ఒక గడి ఉన్నది. సంఘ కాపరి ఆ గడిని నింపుటకు క్షణము పట్టదు. అయితే అక్కడ ఉండదగిన సంఖ్య ఏదో నిర్ణయించుటకు ఈ దేశములో నూరేళ్ళకు పైగా వాదములు జరిగినవి. ప్రభుత్వము ప్రజాభిప్రాయము కోరిన ప్రతిసారి ఎవరిని అడిగినది, ఎవరిని అడుగలేదు అన్నదే ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరిన విషయము.

పరిశుద్ధ గ్రంథము వివాహమునకు సంవత్సరముల లెక్క ఇవ్వలేదు. మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక ఏడవ అధ్యాయములో ఈడు ప్రస్తావన ఉన్నది గాని సంఖ్య లేదు. కాబట్టి ఈ విషయములో సంఘము చట్టము చెప్పిన సంఖ్యనే స్వీకరించినది. ఆ సంఖ్య చరిత్ర తెలియనివారు దానిని కేవలము ప్రభుత్వపు నియమముగానే చూతురు.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో సమ్మతి వయసు 10 సంవత్సరములు. వివాహమైన బాలికకు కూడ అంతే. కలకత్తాలో ఫూల్‌మణి అను చిన్న బాలిక భర్త చేతిలో మరణించగా, 1890లో జరిగిన విచారణలో ఆ భర్తపై అత్యాచార నేరము మోపుటకే వీలు లేకపోయినది. ఆమెకు పదేళ్ళు నిండినవి గనుక చట్టము దృష్టిలో అది నేరము కాదు. తక్కువ నేరము క్రింద అతనికి ఒక సంవత్సరము శిక్ష పడినది. ఆ సంవత్సరమే 55 మంది స్త్రీ వైద్యులు తాము చికిత్స చేసిన బాలికల వివరములతో వైస్రాయికి విజ్ఞప్తి పంపిరి. దానికి పూనుకొన్నది డాక్టర్ మాన్సెల్ అను మిషనరీ వైద్యురాలు. మా అభిప్రాయములో ఆ వివాదము మొత్తములో కళ్ళారా చూచినవారి సాక్ష్యము ఇదొక్కటే. 1891 మార్చిలో వయసు 12కు పెరిగినది. తిలక్ వంటి జాతీయ నాయకులు దీనిని వ్యతిరేకించుటకు 1858 నాటి రాణి ప్రకటనను ఆధారము చేసికొనిరి. మత విషయములలో ప్రభుత్వము చేయి పెట్టరాదని వారి వాదము.

అప్పటికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును కృష్ణా జిల్లాలోనివి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. తెలుగునాట వీరేశలింగము పంతులుగారు రాజమండ్రి నుండి బాల్యవివాహములను ఖండించుచుండిరి. గురజాడ వారు 1897లో కన్యాశుల్కమునకు వ్రాసిన పీఠికలో విశాఖపట్టణము జిల్లా లెక్కలు ఇచ్చిరి. మూడేళ్ళలో కన్యాశుల్కముతో జరిగిన 1,034 బ్రాహ్మణ వివాహములలో అయిదేళ్ళ వధువులు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు చదివిన తరువాత నాటకములోని హాస్యము మునుపటివలె నవ్వు పుట్టించదు.

ఇంతకును ఆ వాదములన్నియు శాస్త్రము చుట్టును, గర్భాదానము చుట్టును తిరిగినవి. మన ప్రాంతపు సంఘములు ఏ పేటలలో నుండి పుట్టినవో పాఠకులకు తెలియును. తెనాలి, రేపల్లె ప్రాంతములలో లూథరన్ మిషను, బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసినవి. సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. బాల్యవివాహము వారిలో లేదని మేము చెప్పుట లేదు. అయితే శాస్త్రార్థ చర్చ వారిది కాదు. పత్రికలు చదివి, మహజరులు వ్రాసి, సభలలో మాట్లాడగలిగిన కొద్దిమంది పురుషుల మాటయే ప్రజాభిప్రాయమను పేరుతో ప్రభుత్వమునకు చేరినది.

క్రైస్తవులకు వేరుగా 1872లోనే వివాహ చట్టము వచ్చినది. అందులో దేశీయ క్రైస్తవులకు వరుని వయసు 16, వధువు వయసు 13 దాటవలెనని 60వ సెక్షను నిర్ణయించినది. నాటి శిక్షాస్మృతిలోని పదితో పోల్చితే ఇది మెరుగే. అంతమాత్రమున సంతృప్తి చెందుట తగదని మా మనవి. మన ఆరాధన క్రమములో కాపరి వధువును పేరు పెట్టి పిలిచి, ఇతనిని భర్తగా అంగీకరించుచున్నావా అని తెలుగులో అడుగును. పదమూడేళ్ళ పిల్ల తండ్రి ఎదుట, సంఘము ఎదుట నిలిచి మరి ఏమని జవాబు చెప్పగలదు? తెనాలిలో సూతాశ్రమము నెలకొల్పిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెండ్లి తంతును తెలుగు చేసి, వధూవరులకు అర్థమగు మాటలతో వివాహములు జరిపించిరి. ఆయన హేతువాది, మన మార్గము వేరు. అయినను, అర్థము కాని మాటకు ఇచ్చిన అంగీకారము అంగీకారము కాదన్న ఆయన పట్టుదలలో మనము నేర్చుకొనదగినది ఉన్నది.

1925లో సమ్మతి వయసు 14కు, వివాహిత బాలికకు 13కు పెరిగినది. 1928లో సర్ మోరోపంత్ జోషి అధ్యక్షతన సమ్మతి వయసు కమిటీ ఏర్పడి దేశమంతట ప్రశ్నావళి పంపి, సాక్షులను విచారించినది. సభ్యులలో భారతీయ స్త్రీ రామేశ్వరీ నెహ్రూ ఒక్కరే. అదే సంవత్సరము మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి బాలికల వివాహ వయసు పెంచవలెనని తీర్మానము తెచ్చిరి. మరుసటి ఏడు వచ్చిన శారదా చట్టము బాలికకు 14, బాలునికి 18 అని నిర్ణయించినది. మొదట హిందువులకే ఉద్దేశించిన బిల్లు చివరకు అన్ని మతములకు వర్తించినది. పెండ్లి జరిపించినవారికి నెల రోజుల జైలు గాని వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పాదిరికి మినహాయింపు లేదు. చిత్రమేమనగా క్రైస్తవ వివాహ చట్టములోని 13 మాత్రము వెంటనే మారలేదు. ఒక చట్టము ప్రకారము సరియైన వివాహము మరియొక చట్టము ప్రకారము నేరము!

చట్టము 1930 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చునని ముందే తెలియుటచేత ఆ ఆరు నెలలలో దేశమంతట పెండ్లిళ్ళు తొందరగా జరిగిపోయినవి. పదిహేనేళ్ళలోపు భార్యల సంఖ్య 1921 జనగణనలో సుమారు 85 లక్షలు కాగా 1931లో 120 లక్షలు దాటినది. ఆ తరువాత కూడ దారి దొరికినది. ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాములో ఈ చట్టము చెల్లదు గనుక ఆంధ్ర కుటుంబములు అక్కడికి పోయి బాల్యవివాహములు జరిపించుకొనెడివి. అందుచేత ఆ ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. ఇక ఫిర్యాదు చేయదలచినవారు సాధారణముగా నూరు రూపాయల వరకు పూచీకత్తు వ్రాసి ఇవ్వవలెను. అణాలలో కూలి తీసికొను మనిషి పక్కింటి పిల్ల కొరకు అంత పూచీ ఎట్లు పడగలడు?

తరువాతి మార్పులు త్వరగా చెప్పవచ్చును. 1949లో వివాహ వయసు 15 అయినది. 1978లో 18, 21 అయినవి. క్రైస్తవ చట్టమును కూడ అప్పుడే ఆ విధముగా సవరించిరి. 2006 చట్టము పెండ్లి జరిపించినవారికి రెండేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించినది. 2012 నాటి పోక్సో చట్టముతో సమ్మతి వయసు 18 అయినది. దానిని తగ్గింపవద్దని లా కమిషను 2023లో సూచించినది. స్త్రీ వివాహ వయసును 21కి పెంచు బిల్లు 2021లో లోక్‌సభకు వచ్చి, 2024లో సభ రద్దుతో మురిగిపోయినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండక మునుపే వివాహమైనవారు దేశములో 23.3 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతము.

2022 నుండి బాపట్ల వేరు జిల్లా, రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరులోనే ఉన్నది. ఈ తీరములో పెద్ద వయసు స్త్రీలను మీ వయసెంత అని అడిగితే, 1977 ఉప్పెననాటికి తమకు పెండ్లి అయినదని గాని, చంకలో పిల్ల ఉన్నదని గాని లెక్క చెప్పుదురు. సంఘములో శిశువులను ప్రతిష్ఠించినప్పుడు గాని, బాప్తిస్మము ఇచ్చినప్పుడు గాని వ్రాసిన తేదీ అనేక కుటుంబములలో ఆ పిల్లలకు మొదటి వ్రాతపూర్వక సాక్ష్యము. వివాహ ప్రకటన చదువుటకు ముందు ఆ పాత రిజిస్టరు తెరచి చూచుట, తండ్రి చెప్పిన సంవత్సరముతో సరిపోల్చుట, సరిపడనప్పుడు ఆ పిల్లను విడిగా కూర్చుండబెట్టి అడుగుట ఏ కమిటీ ప్రశ్నావళిలోను లేని పని. అది కాపరి చేతిలోనే ఉన్నది.