దారి ఎంచుకునే మెదడు: లండన్ టాక్సీ డ్రైవర్లు చెప్పే పాఠం

రద్దీ రోడ్డు దాటేటప్పుడు ఎవరూ ఆగి లెక్కలు వేయరు. వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో వస్తోంది, మనం దాటడానికి టైమ్ సరిపోతుందా అన్నది మెదడు క్షణాల్లో తేల్చేస్తుంది. కళ్లు చూసింది, లోపలి చెవి చెప్పే బ్యాలెన్స్, కండరాలు, కీళ్ల నుంచి అందే సమాచారం.. ఈ మూడింటినీ కలుపుకుని మెదడు మనం ఎక్కడున్నామో, ఎటు కదులుతున్నామో తెలుసుకుంటుంది. లోపలి చెవిలో తేడా వస్తే నిలబడ్డ చోటే నేల తిరుగుతున్నట్టు అనిపించేది అందుకే.

మెదడులో మ్యాప్ ఎక్కడుంది?

మెదడులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగాలు ఉంటాయి. జ్ఞాపకాలకు, దారులు గుర్తుంచుకోవడానికి ఇవి చాలా ముఖ్యం. లండన్‌లో పనిచేసిన జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఒక విషయం బయటపెట్టారు. ఎలుక ఒక చోటికి వెళ్తే కొన్ని కణాలు, ఇంకో చోటికి వెళ్తే వేరే కణాలు పనిచేస్తున్నాయి. వీటినే ప్లేస్ సెల్స్ అంటారు. 2005లో నార్వేకు చెందిన మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ ఆ పక్క భాగంలోనే గ్రిడ్ సెల్స్ కనుక్కున్నారు. ఇవి దూరాన్ని, దిక్కును కొలిచే గళ్ల కాగితం లాంటివి. ఈ ముగ్గురికీ 2014లో వైద్య నోబెల్ బహుమతి వచ్చింది.

అడుగు వేయకముందే..

రెండు దారులు చీలే చోట ఎలుక ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2007లో ఆ క్షణాన్నే పరిశీలించారు. ఎలుక ఉన్న చోటే ఉన్నా, ముందున్న దారులకు సంబంధించిన కణాలు మొదట ఒక దారివి, తర్వాత ఇంకో దారివి పనిచేశాయి. అంటే కాళ్ల కంటే ముందే మెదడు వెళ్లి చూసొస్తోందన్నమాట.

టాక్సీకి, బస్సుకి తేడా

లండన్‌లో నల్ల టాక్సీ నడపాలంటే సుమారు 25,000 వీధులు బుర్రలో ఉండాలి. అందుకు మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఈ డ్రైవర్లలో హిప్పోక్యాంపస్ వెనుక భాగం మిగతావారి కంటే పెద్దగా ఉన్నట్టు ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో తేల్చింది. 2006లో అదే నగరంలోని బస్సు డ్రైవర్లతో పోల్చి చూస్తే వారిలో ఈ పెరుగుదల కనిపించలేదు. ట్రాఫిక్ ఒకటే, స్టీరింగ్ ముందు గడిపిన ఏళ్లూ దాదాపు ఒకటే. కానీ బస్సు వెళ్లే రూటు మారదు. టాక్సీ డ్రైవర్ మాత్రం ప్రతి మలుపులో తనే నిర్ణయం తీసుకోవాలి.

ఫోన్ చెప్పినట్టు వెళ్తే ఏమవుతుందో కూడా లండన్ పరిశోధకులు 2017లో చూశారు. సొంతంగా దారి వెతుక్కునేవారు కొత్త వీధిలోకి అడుగుపెట్టినప్పుడు హిప్పోక్యాంపస్ చురుగ్గా మారింది. నావిగేషన్ సూచనలు పాటించేవారిలో ఆ చురుకు కనిపించలేదు. అలాగని జీపీఎస్ వల్ల మతిమరుపు జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. ఆ కాసేపు మెదడు ఆ పనిని ఫోన్‌కు వదిలేస్తోందంతే.

ఇంట్లో పెద్దల విషయంలో జాగ్రత్త

అల్జీమర్స్ జబ్బు మొదట దెబ్బతీసే చోట్లలో గ్రిడ్ సెల్స్ ఉండే భాగం ఒకటి. అందుకే పేర్లు మర్చిపోవడమే కాదు, తెలిసిన దారి తప్పడం కూడా తొలి హెచ్చరిక కావచ్చు. ఏళ్ల తరబడి వెళ్లిన మసీదు నుంచో, కిరాణా కొట్టు నుంచో ఇంటికి రావడానికి పెద్దాయన తడబడుతుంటే 'వయసైపోయింది కదా' అని వదిలేయొద్దు. నరాల డాక్టరుకు చూపించాలి. బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా ఇలా జరగవచ్చు. వీటికి చికిత్స ఉంది. ఉన్నట్టుండి అయోమయం మొదలైతే, మాట తడబడితే, చెయ్యి కాలు పడిపోతే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇలాంటివారిని బయటికి పంపడం మానేసి ఇంట్లో కూర్చోబెట్టడం కంటే, తోడుగా ఒకరు నడవడం మంచిది. జేబులో ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ రాసిన చీటీ ఉంచాలి. మలుపు దగ్గర చెయ్యి పట్టి లాగకుండా, 'ఇప్పుడు ఎటు వెళ్దాం?' అని వాళ్లనే అడగాలి. జవాబుకు కాస్త టైమ్ పట్టినా ఆగాలి.