గని ముంగిట కరెంటు

నేల కింద బొగ్గు ఉంది కాబట్టే మన కరెంటు బొగ్గు మీద నడుస్తోందనే మాట తరచూ వినిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఇప్పటి తెలంగాణలోని ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును కనిపెట్టింది 1871లో. 1889కల్లా అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వెలిసింది. అయినా 1960ల మొదట్లో దేశ స్థాపిత సామర్థ్యంలో దాదాపు సగం జలవిద్యుత్తే. బొగ్గు అప్పుడూ ఉంది. దాని చుట్టూ ఒక జాతీయ ఏర్పాటు మాత్రం లేదు.

1965, 1966లలో వరస కరువులు వచ్చి, నదిని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చూపించాయి. ఆ తర్వాత చమురు ధర మండింది. 1973లో బొగ్గు గనుల జాతీయీకరణ పూర్తయింది, 1975లో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ పుట్టింది. అసలు మలుపు మాత్రం విద్యుత్ కేంద్రాన్ని ఎక్కడ కట్టాలన్న నిర్ణయంలో ఉంది. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, బూడిదే. దాన్ని వందల కిలోమీటర్లు రైల్లో మోయడమంటే కాలని మట్టికి కిరాయి కట్టడమే. అందుకని గని పక్కనే కాల్చి, కరెంటును తీగల మీద పంపారు. ఎన్టీపీసీ రామగుండం కేంద్రంలో 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. అక్కడ రైలు సింగరేణి సంస్థ గనికీ కేంద్రానికీ మధ్యే తిరుగుతుంది. నెమ్మదిగా కదులుతుండగానే వాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు గోతిలో పడుతుంది. మిల్లులో దాన్ని పిండి చేసి వేడిగాలితో బాయిలర్‌లోకి ఊదుతారు. ఆ కరెంటులో తమిళనాడుకు, కర్ణాటకకు, కేరళకు, గోవాకు కూడా వాటా పెట్టారు. ఒక్క రాష్ట్ర విద్యుత్ బోర్డు చేయగల పని కాదిది. బొగ్గుకు పెద్దపీట వేసింది ప్రణాళికే.

సౌరవిద్యుత్తు చవకైంది కదా, ఇంకా బొగ్గెందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని పొద్దుగూకాక వాడకం పెరిగే వేళకు ఎండ ఉండదు. బొగ్గు యూనిట్‌ను పగలు బాగా తగ్గించి సాయంత్రానికి పెంచడమూ తేలిక కాదు. మరీ తక్కువ సామర్థ్యంతో నడిపితే మంట నిలకడ, లోహం మన్నిక రెండూ చిక్కులో పడతాయి. శ్రీశైలం ఎడమగట్టులోలాగా నీటిని వెనక్కి తోడి నిల్వచేసే కేంద్రాలు, బ్యాటరీలు, తీగలు ముందే సిద్ధమైతేనే బొగ్గును తగ్గించగలం. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: వెలుగు పలు రాష్ట్రాలకు పోతే బూడిద మాత్రం రామగుండంలోనే మిగిలింది. దీనికి నా దగ్గర సమాధానం లేదు, అది నిజం కాబట్టి. రేపు యూనిట్లు మూసే ప్రణాళిక రాసేవారు మెగావాట్లతో పాటు ఆ బూడిద చెరువులను, గనులపై బతికే గోదావరిఖని, కొత్తగూడెం కుటుంబాల జీతాలను అదే పద్దులో చేర్చాలి. వాటాదారు రాష్ట్రాలన్నీ ఆ ఖర్చు పంచుకోవాలి.