ఏ బైటు ముందు? ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య వరుస తేడా

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్లకి ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. అమ్మీ ఫోన్ నంబరు చెప్తూ "పైంతీస్" అంటుంది. పిల్లాడు టక్కున 5 రాసేస్తాడు. చెవికి ముందు తగిలింది ఐదే కదా, ముప్పై దాని వెనక వస్తుంది. అదే తెలుగులో "ముప్పై ఐదు" అంటాం, పెద్దది ముందు, చిన్నది తర్వాత. సంఖ్య ఒక్కటే, 35. వరుసే వేరు. చెప్పేవాళ్లది ఒక పద్ధతి, రాసుకునేవాళ్లది ఇంకో పద్ధతి అయితే ఫోను వేరే ఇంట్లో మోగుతుంది.

కంప్యూటర్లలోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది. మన ఇళ్లలో బీటెక్ చదివే పిల్లలకి సబ్జెక్టుగా, ప్యానెల్ బోర్డులు, సోలార్ మీటర్లు చూసే మెకానిక్‌లకి తలనొప్పిగా ఎదురవుతుంది. దీన్ని ఎండియన్‌నెస్ అంటారు. బైట్ల వరుస అనుకుందాం.

మెమరీ అంటే నంబర్లు వేసిన గళ్ల వరుస. ఒక్కో గడిలో ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు. అందులో 0 నుంచి 255 వరకే పడుతుంది. అంతకన్నా పెద్ద సంఖ్యకి రెండు గళ్లో, నాలుగో, ఎనిమిదో కావాలి. 500నే తీసుకోండి. అది ఒక 256, పైన ఇంకో 244. కాబట్టి రెండు బైట్లు, 1, 244. మొదటి గడిలో 1 పెట్టి, తర్వాత 244 పెడితే అది బిగ్ ఎండియన్. ముందు 244, తర్వాత 1 పెడితే లిటిల్ ఎండియన్. రెండూ కరెక్టే. కానీ ఒకరు రాసింది ఇంకొకరు తమ పద్ధతిలో చదివితే 500 కాస్తా 62465 అయి కూర్చుంటుంది. నాలుగు బైట్లలో రాసిన 1 తిరగబడితే 1,67,77,216 అవుతుంది.

ఈ పేర్ల వెనక ఒక గుడ్డు కథ ఉంది. 1726లో జొనాథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల్లో, ఉడికించిన గుడ్డుని పెద్ద వైపు నుంచి పగలగొట్టాలా, చిన్న వైపు నుంచా అని రెండు రాజ్యాలు యుద్ధానికి దిగుతాయి. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బైట్ల వరుస గొడవ మీద ఒక వ్యాసం రాస్తూ ఆ పేర్లని ఇక్కడికి తెచ్చాడు. తేదీ చూసి జోక్ అనుకోవద్దు, వ్యాసంలో విషయం గట్టిదే. ఏ వరుస అన్నది కాదు, అందరూ ఒకదానికి ఒప్పుకోవడమే ముఖ్యం అన్నది ఆయన వాదన.

ఒప్పుకోలేదు మరి. 1964 నాటి ఐబీఎం సిస్టమ్ 360 బిగ్ ఎండియన్. మోటరోలా 68000 కూడా అంతే. ఇంటెల్ మాత్రం రెండో దారి పట్టింది. దానికి కారణం డేటాపాయింట్ 2200 అనే పాత టెర్మినల్ యంత్రం. అది ఒక్కో బిట్టు చొప్పున లెక్క చేసేది. కూడికలో మనం ఒకట్ల స్థానం నుంచే మొదలుపెట్టి మిగులు ఎడమకి మోస్తాం కదా, దానికీ చిన్న బైటు ముందొస్తేనే సుఖం. ఆ యంత్రం కోసమని మొదలై 1972లో బయటికొచ్చిన ఇంటెల్ 8008 చిప్ ఆ వరుసనే పట్టుకుంది. దాని తర్వాతి తరాలూ వదల్లేదు. ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ వారసత్వమే. ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్లు చాలావరకు రెండు పద్ధతుల్లోనూ నడవగలవు, కానీ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ లిటిల్ ఎండియన్‌లోనే నడుపుతాయి. పెద్ద బ్యాంకులు వాడే ఐబీఎం మెయిన్‌ఫ్రేములు మాత్రం ఈరోజుకీ బిగ్ ఎండియనే.

మూడో రకం కూడా ఉంది. పీడీపీ-11 అనే పాత యంత్రం 32 బిట్ల సంఖ్యని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ముందు పెట్టేది. కానీ ఒక్కో ముక్క లోపల చిన్న బైటు ముందు. వింతగా ఉందా? మనం ఉర్దూలో 135ని "ఏక్ సౌ పైంతీస్" అంటాం. వంద ముందు, ఆ తర్వాత ఐదు, ఆపైన ముప్పై. ఆ యంత్రం చేసిందీ అదే పని.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య తీగలే కదా ఉన్నాయి, వాటిని అటూ ఇటూ మార్చి కలిపేస్తే గొడవ వదలదా? వదలదు. ఎందుకంటే మెమరీలో సంఖ్యలే కాదు, అక్షరాలూ ఉంటాయి. ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. అక్షరాల వరుస రెండు రకాల యంత్రాల్లోనూ ఒకటే, మొదటి అక్షరం మొదటి గడిలో. తీగలు మార్చేస్తే సంఖ్యలు సరి అవుతాయి, పేర్లు తలకిందులవుతాయి. యూనిక్స్ వ్యవస్థని పీడీపీ-11 మీద నుంచి వేరే యంత్రం మీదకి తరలించిన రోజుల కథ ఒకటి ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. యు, ఎన్, ఐ, ఎక్స్ అని రావాల్సిన పేరు ఎన్, యు, ఎక్స్, ఐ అని అచ్చయిందట. జంటజంటగా బైట్లు చోటు మారాయి. అప్పట్నుంచి ఈ రోగానికి ఆ తిరగబడ్డ పేరే ఉండిపోయింది.

అంటే తీగకి తెలియని సంగతి ఒకటి ఉంది. ఈ నాలుగు బైట్లు ఒకే సంఖ్యా, రెండు చిన్న సంఖ్యలా, నాలుగు అక్షరాలా? అది ప్రోగ్రామ్ రాసినవాడికే తెలుసు. అందుకే తారుమారు చేసే బాధ్యత వాడి మీదే పడింది. మొదట్లో బైట్లని షిఫ్ట్ చేసి, మాస్క్ చేసి, మళ్లీ కలిపే నాలుగైదు మెట్ల పని అది. 1989లో ఇంటెల్ 486తో బీస్వాప్ అనే ఆదేశం వచ్చింది, ఒక్క దెబ్బకి నాలుగు బైట్లూ తిరుగుతాయి. ఆర్మ్‌లో రెవ్ అనే ఆదేశానిది అదే పని. పవర్‌పీసీలో అయితే మెమరీ నుంచి తెచ్చుకునేటప్పుడే తిప్పి తెచ్చే ఆదేశాలుండేవి. ఆపిల్ 2006లో పవర్‌పీసీ వదిలి ఇంటెల్‌కి మారినప్పుడు, ఫైళ్లని నేరుగా మెమరీలోకి లాక్కునే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లందరూ తమ కోడ్‌లో ఈ చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

నెట్‌వర్క్‌లో సంగతి తేలిక, అక్కడ పంచాయితీ ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్ ప్యాకెట్ల తలకట్టులో సంఖ్యలన్నీ బిగ్ ఎండియన్‌లోనే వెళ్లాలి. కాబట్టి మీ ఫోన్ వాట్సాప్ మెసేజ్ పంపిన ప్రతిసారీ పోర్ట్ నంబర్లూ, చిరునామాలూ తిరగేసి పంపుతుంది, అవతలి ఫోన్ మళ్లీ తిరగేసుకుంటుంది. సాకెట్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో హెచ్‌టీఓఎన్‌ఎస్ అనే ఫంక్షన్ ఎందుకు పెట్టాలో చెప్పకుండా కంఠతా పట్టిస్తారు కదా, అది ఇందుకే. మర్చిపోయి పోర్ట్ 5000 అని రాస్తే సర్వర్ 34835 మీద కూర్చుని ఎదురుచూస్తుంది. తమాషా ఏంటంటే సర్వర్‌లోనూ క్లయింట్‌లోనూ రెండు చోట్లా మర్చిపోతే ల్యాబ్‌లో చక్కగా పనిచేస్తుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి దాచేస్తాయి. పక్కవాడు సరిగ్గా రాసిన ప్రోగ్రామ్‌తో కలిపినప్పుడు బయటపడుతుంది.

మన రెండు భాషలకీ ఇందులో వాటా ఉంది. యూనికోడ్‌లో ఉర్దూ అలిఫ్ నంబరు, పదహారు ఆధారంగా రాసే పద్ధతిలో, 0627. యూటీఎఫ్-16లో దాచితే ఒక బైటు 06, ఒక బైటు 27. తిరగేసి చదివితే 2706, అది టెలిఫోన్ గుర్తు! "సలాం" అనే మాటలో సీన్ 0633, లామ్ 0644, అలిఫ్ 0627, మీమ్ 0645. తారుమారైతే 3306 ఒక జపాన్ గుర్తు, 4406, 4506 చైనా అక్షరాలు, మధ్యలో టెలిఫోను. తెలుగు "అ" అయితే రష్యన్ లిపి కుటుంబంలోని ఒక అక్షరంగా కనిపిస్తుంది. మా నానా ఉత్తరాలు ఒక చిన్న డీటీపీ సెంటర్లో టైపు చేయించి, ఫైలు తెచ్చి ఇంట్లో తెరిస్తే తెరంతా చైనా, కొరియా అక్షరాలు. అంతా పోయిందని అమ్మీ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏమీ పోలేదు. తెరిచేటప్పుడు వరుస రెండోది ఎంచుకుంటే ఉత్తరాలు ఉత్తరాల్లాగే వచ్చాయి. ఇలాంటి ఫైలుని మాత్రం కంగారులో సేవ్ చేయొద్దు, ముందు కాపీ తీసి పెట్టుకోండి.

ఈ బాధ రాకుండా ఫైలు మొదట్లో ఎఫ్‌ఈ, ఎఫ్‌ఎఫ్ అనే రెండు బైట్ల గుర్తు పెడతారు. అది ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఈ అని కనిపించిందంటే వరుస లిటిల్ ఎండియన్ అన్నమాట. టిఫ్ ఫొటో ఫైళ్లలోనూ ఇలాంటిదే ఉంది, ఇంటెల్ వరుసకి రెండు ఐలు, మోటరోలా వరుసకి రెండు ఎమ్‌లు. యూటీఎఫ్-8కి అసలు ఈ సమస్యే లేదు, అది ఒక్కో బైటుగా నడుస్తుంది. ఉర్దూ, తెలుగు ఏది దాచినా అందులోనే దాచుకోవడం మేలు.

ఇక డబ్బుతో ముడిపడ్డ సంగతి. మా ఖాలా కొడుకు గల్ఫ్‌లో ప్యానెల్ పని చేస్తాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, "భాయ్, మీటరు తెర మీద 230 వోల్టులు చూపిస్తోంది, కంప్యూటర్‌లో సున్నా. మీటరు పాడైందని మార్చమంటున్నారు" అన్నాడు. అలాంటి మీటర్లు, సోలార్ ఇన్వర్టర్లు మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడతాయి. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చింది. అందులో ఒక రిజిస్టర్ 16 బిట్లు, పెద్ద బైటు ముందు, అంతవరకు స్పష్టం. కానీ 32 బిట్ల రీడింగ్ రెండు రిజిస్టర్లలో పంపేటప్పుడు ఏ రిజిస్టర్ ముందో ఆ నియమాల్లో లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో ఇష్టం. 230.0 అనే దశాంశ సంఖ్య బైట్లలో 43, 66, 00, 00. రిజిస్టర్లు చోటు మారితే 00, 00, 43, 66. అది సున్నాకి ఎంత దగ్గరంటే తెర మీద సున్నాగానే కనిపిస్తుంది. సెట్టింగుల్లో వర్డ్ స్వాప్ అనే గడిలో టిక్ పెట్టమన్నాను. 230 వచ్చింది. మీటరు మార్చలేదు.

పూర్ణ సంఖ్య అయితే తప్పు ఇంకోలా కనిపిస్తుంది. 1000 యూనిట్లు ఉండాల్సిన చోట 6,55,36,000 వస్తుంది. రీడింగ్ అసాధ్యంగా ఉంటే దాన్ని 65,536తో భాగించి చూడండి. నమ్మదగ్గ సంఖ్య వస్తే తీగలు విప్పొద్దు, రిజిస్టర్ల వరుస చూడండి.

ఇప్పటిదాకా చెప్పింది బైట్ల గురించి. బైటు లోపల బిట్ల వరుస మామూలుగా ప్రోగ్రామ్‌కి కనిపించదు, ఎందుకంటే మెమరీలో ఒక్కో బిట్టుకి విడి చిరునామా ఉండదు. ఒకే తీగ మీద బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లేటప్పుడు మాత్రం అదీ బయటపడుతుంది. మామూలు సీరియల్ పోర్టులో చిన్న బిట్టు ముందు వెళ్తుంది, ఐ2సీలో పెద్ద బిట్టు ముందు. ఈథర్‌నెట్ చిన్న బిట్టు ముందు పంపితే, పాత టోకెన్ రింగ్ పెద్ద బిట్టు ముందు పంపేది. రెండింటినీ కలిపే బ్రిడ్జి పెట్టెలు చిరునామాల్లోని ప్రతి బైటులో బిట్లు తిప్పాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లలకి ఇది ఆర్డుయినోలో తగులుతుంది. షిఫ్ట్ రిజిస్టర్‌తో ఎల్‌ఈడీ బోర్డు కట్టి పేరు వెలిగిస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. షిఫ్ట్‌అవుట్ ఫంక్షన్‌లో ఎమ్‌ఎస్‌బీ ఫస్ట్ అని ఉన్నచోట ఎల్‌ఎస్‌బీ ఫస్ట్ అని మారిస్తే సరి. బిట్లు తిప్పడానికి ఆర్మ్‌లో ఆర్‌బిట్ అనే ఆదేశం ఉంది. లేని చిప్పుల్లో 256 గళ్ల పట్టిక ముందే తయారు చేసి పెట్టుకుని, బైటు ఇస్తే తిరగేసిన బైటు అందులోంచి తీస్తారు. పట్టిక కాస్త మెమరీ తింటుంది గానీ పని చకచకా అయిపోతుంది.

వరుస పరీక్షించేటప్పుడు చాలామంది సున్నాతోనో, నాలుగు బైట్లూ ఒకేలా ఉన్న సంఖ్యతోనో చూసి బాగుందనుకుంటారు. తిప్పినా అది అలాగే ఉంటుంది, తప్పు దొరకదు. అవతలి యంత్రం నుంచి 01, 02, 03, 04 అనే నాలుగు బైట్లు పంపించి చూడండి. ఇవతల 04, 03, 02, 01 వస్తే అన్నీ తిరగాలి. 02, 01, 04, 03 వస్తే జంటల్లో తిరగాలి. 03, 04, 01, 02 వస్తే అది మా తమ్ముడి మీటరు కేసు.