ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్: డిస్క్ దగ్గర తేలే తగువు

సోనీ ప్లేస్టేషన్ 5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో ఏది మేలన్న గేమర్ల తగువు 2020లో రాజుకుంది. మన దేశంలో ఎక్స్‌బాక్స్ ఆ ఏడాది నవంబరు 10న వచ్చింది. ప్లేస్టేషన్ కోసం 2021 ఫిబ్రవరి 2 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో రెండింటి ధరా రూ.49,990.

గ్రాఫిక్స్ సామర్థ్యంలో ఎక్స్‌బాక్స్‌ది పైచేయి: 12 టెరాఫ్లాప్‌లు, ప్లేస్టేషన్‌కు 10.28. స్టోరేజీ వేగంలో ప్లేస్టేషన్ ముందుంది. ఆడేటప్పుడు ఈ తేడా పెద్దగా కంటికి ఆనదు.

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ జంషెడ్‌పూర్ లాంటి ఉక్కు నగరంలో, నెల జీతం మీద నడిచే ఇళ్లకు అసలు లెక్క వేరు. అప్పట్లో రూ.34,990కు వచ్చిన సిరీస్ ఎస్, రూ.39,990కు వచ్చిన ప్లేస్టేషన్ డిజిటల్ ఎడిషన్ చవకే, కానీ వాటిలో డిస్క్ డ్రైవ్ లేదు. సోనీ సొంత కొత్త ఆట రూ.4,999 పలికిన రోజుల్లో, ఆడేసిన డిస్క్‌ను అమ్ముకోవడం, స్నేహితులతో మార్చుకోవడమే ఆదా. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటకు ఆ వీలు లేదు. కన్సోల్ మీద మిగిలిన పది పదిహేను వేలు రెండు మూడు ఆటలతోనే చెల్లు.

దీనికి ఎక్స్‌బాక్స్ పక్షం చూపేది గేమ్ పాస్‌ను: నెల చందాకు వందకు పైగా ఆటలు. చందా ఆపితే అవీ ఆగిపోతాయి. వరసగా ఆటలు మార్చేవారికి అది లాభసాటి, ఏడాదికి రెండే ఆడేవారికి డిస్క్ ఉన్న కన్సోలే నయం.